ఈజ్‌మెంట్ విలువపై అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌తో వివాదం వచ్చినప్పుడు

అమెరికాలో భూమిని తమ పేరనే ఉంచుకొని, అందులో నిర్మాణాలు చేపట్టే హక్కును శాశ్వతంగా వదులుకొంటూ భూముల్ని పరిరక్షించే ల్యాండ్ ట్రస్టుకో ప్రభుత్వ సంస్థకో కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ (పరిరక్షణ కోసం భూమి వాడకంపై ఆంక్షలు పెట్టే హక్కు) దానంగా రాసిచ్చిన యజమానులు, ఆ హక్కు విలువను ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపవచ్చు. పోల్చి చూడడానికి ఇలాంటి ఈజ్‌మెంట్ల అమ్మకాలు సాధారణంగా దొరకవు కనుక, ఆంక్షలకు ముందు భూమి విలువలోంచి తర్వాతి విలువను తీసివేసి ఆ తేడాను లెక్కలోకి తీసుకొంటారు. పేచీ ఎక్కువగా ఆ మొదటి అంకె దగ్గరే వస్తుంది.

ఆ భూమిలో ఇళ్ల కాలనీ వెలిసేదని మీ అప్రైజర్ (విలువ కట్టే నిపుణుడు) రాస్తే, జోనింగ్ (ఏ భూమిని దేనికి వాడవచ్చో చెప్పే స్థానిక నిబంధనలు) అందుకు ఒప్పుకొంటుందా, నీరు, దారి ఉన్నాయా, కొనేవారున్నారా అని ఐఆర్‌ఎస్ అడుగుతుంది. కాబట్టి జోనింగ్ పత్రాలు, నేల పరీక్షలు, దగ్గర్లోని భూముల అమ్మకాల వివరాలు దానానికి ముందే సేకరించి పెట్టుకోవాలి. ఇటీవలే తక్కువ ధరకు కొన్న భూమికి ఎన్నో రెట్ల విలువ చూపితే సమర్థించుకోవడం చాలా కష్టం. కొన్న తేదీ, ధర ఇలాంటి దానాల కోసం రిటర్నుతో ఇచ్చే ఫారం 8283లో ఎలాగూ రాయాల్సిందే. ఆనుకొని ఉన్న భూమి మీదో మీ కుటుంబానిదో అయితే, దాన్ని కూడా కలిపి ముందు, తర్వాత విలువలు కట్టాలి.

దానానికి 60 రోజులకు మించి ముందు చేసిన అప్రైజల్ (విలువ మదింపు) చెల్లదు. మినహాయింపు 5,00,000 డాలర్లు దాటితే అప్రైజల్ నివేదికనే రిటర్నుకు జతపరచాలి. విలువలో శాతంగా ఫీజు అడిగే అప్రైజర్‌ను మొదట్లోనే వదులుకోవడం మేలు, ఎందుకంటే ఆ ఒప్పందంతోనే అప్రైజల్ చెల్లకుండా పోతుంది.

ఐఆర్‌ఎస్ ఆడిట్‌లో అంకె తగ్గించి, వ్యక్తిగత రిటర్నుపై 30 రోజుల లేఖ (అభ్యంతరం చెప్పడానికి 30 రోజుల గడువిచ్చే లేఖ) పంపితే, గడువులోగా దాని అప్పీల్స్ విభాగానికి రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. కోర్టుకు వెళితే ఎవరు నెగ్గే అవకాశం ఎంతో ఆ విభాగం బేరీజు వేస్తుంది కాబట్టి, బలమైన పత్రాలున్నవారికి రాజీ కుదిరే అవకాశం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. అదీ కుదరక, ఇంకా ఇంత పన్ను కట్టాలని చెప్పే డెఫిషియెన్సీ నోటీసు వస్తే, 90 రోజుల్లో ట్యాక్స్ కోర్టులో పిటిషన్ వేయాలి. అప్పటికి పన్ను కట్టనక్కరలేదు. న్యాయమూర్తి ఇరుపక్షాల అప్రైజర్లనూ కాదని వేరే అంకె ఖరారు చేయవచ్చు.

చూపిన విలువ సరైన విలువకు 150 శాతమో అంతకు మించో ఉంటే, తక్కువ కట్టిన పన్నుపై 20 శాతం, 200 శాతానికి చేరితే 40 శాతం జరిమానా పడుతుంది. రెండో సందర్భంలో సదుద్దేశంతోనే చేశామన్న వాదన కూడా పనికిరాదు.