కిమోనో కుట్టే ముందే రంగు వేసేయండి

ఇంట్లోనే జపాన్ వాళ్ల సంప్రదాయ దుస్తు కిమోనోని నూలుతో, అంటే యుకతాని కుట్టుకుని నీలిమందు రంగు వేద్దామనుకుంటున్నారా? అయితే కుట్టాక కాదు, గుడ్డ ఇంకా ముక్కలుగా ఉన్నప్పుడే రంగు వేసేయండి, ఎందుకంటే కుట్టిన తర్వాత ముంచితే కుట్ల మడతల్లోకి రంగు సరిగా ఎక్కదు, పైగా పాలిస్టర్ దారమైతే తెల్లగా అలాగే ఉండిపోతుంది.

జపాన్‌లో కిమోనో గుడ్డ వెడల్పు సుమారు 36 నుంచి 38 సెంటీమీటర్లు, పొడవు 12 మీటర్ల దాకా ఉంటుంది. మన 44 అంగుళాల పన్నా గుడ్డని నిలువుగా మూడు పట్టీలు చేస్తే సరిగ్గా ఆ వెడల్పే వస్తుంది, కాబట్టి నాలుగున్నర మీటర్లు తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. దాదాపు అన్నీ తిన్నని ముక్కలే, కొత్తవాళ్లు కూడా ధైర్యంగా కుట్టొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ముందు గంజి పూర్తిగా వదిలేలా వేడినీళ్లలో సబ్బుతో ఉతకడం. ఇది మానేస్తే ఎంత మంచి రంగైనా మచ్చలు మచ్చలుగానే పడుతుంది. ఆ తర్వాత గుడ్డని తడిపి, పిండి, బుడగలు రాకుండా నెమ్మదిగా ముంచండి. బయటికి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నీలంగా మారుతుంది. ఒకేసారి ఎక్కువసేపు నానబెట్టకండి, కొద్దిసేపు ముంచి, గాలికి ఆరనిచ్చి, మళ్లీ ముంచితేనే రంగు నిలుస్తుంది. తడి మీద కనిపించే ముదురు ఆరాక తగ్గుతుంది కాబట్టి ఇంకో మునక ఎక్కువే వేయండి.

వేసుకునేటప్పుడు మాత్రం ఎడమవైపు అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేయడం జపాన్‌లో చనిపోయినవాళ్లకే.