మాల్దీవుల ఇసుక మేటలపై ఫ్లై ఫిషింగ్: తిరుపతి, చిత్తూరుల నుంచి వెళ్లేవారికి

మాల్దీవులకు ఫ్లై ఫిషింగ్ కోసం వెళ్లి ఒక్క చేపనూ పట్టకుండా తిరిగివచ్చేవారిలో ఎక్కువమందికి చేపలు కనిపించకపోవడం అసలు కారణం కాదు. పడవలో గైడు, పడవ ముక్కును గడియారంలో పన్నెండుగా లెక్కించి, "పదకొండు గంటల దిక్కు, నలభై అడుగులు" అని చెప్పిన క్షణం నుంచి చేప ముందు నుంచి దాటిపోయేదాకా దొరికేది మహా అయితే అర నిమిషం. ఆ అర నిమిషంలో చేయవలసిన పనులు చేతికి అలవాటు కాకపోవడమే అసలు కారణం. పడవకూ గైడుకూ రోజు లెక్కన డబ్బు కడుతూ ఆ అలవాటును సముద్రం మీదనే నేర్చుకోవడం చాలా ఖరీదైన చదువు. అందువల్ల ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే ఊళ్లోని పచ్చిక మైదానంలో సాధన మొదలుపెట్టాలి. మంచి రాడ్ కొనడం కన్నా ఇది ముఖ్యమని నా అభిప్రాయం.

చెరువు గట్టున గాలం వేసిన అనుభవం ఉన్నవారు మొదట ఒక తేడాను గమనించాలి. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు చుట్టి తయారుచేసిన ఎరకు చెప్పుకోదగ్గ బరువు ఉండదు, కాబట్టి లావుగా, బరువుగా ఉండే లైనునే విసరాలి. ఎర దాని వెంట వెళుతుంది. బలంగా విసిరితే దూరం పోతుందనే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు సరికదా, అడ్డం కూడా వస్తుంది.

మాల్దీవులలో 26 సహజమైన అటాల్‌లు, అంటే వలయాకారపు పగడపు దీవుల సముదాయాలు, ఉన్నాయి. వాటి అంచులలో మోకాలి లోతు నీటితో పరుచుకున్న తెల్లని ఇసుక మేటలే మన వేటస్థలం. అక్కడ ప్రధానంగా దొరికేవి వెండిరంగు బోన్‌ఫిష్, మన తీరంలో పార అని పిలిచే జాతికి చెందిన జెయింట్ ట్రెవల్లీ, నీలిరెక్కల ట్రెవల్లీ, పగడాల మధ్య తిరిగే ట్రిగ్గర్‌ఫిష్. ఈశాన్య రుతుపవన కాలంలో, ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి వానలు, మబ్బులు ఎక్కువ. మబ్బు పట్టిన రోజున నీటి అడుగు కనిపించదు కాబట్టి, చవకగా దొరుకుతుందని వానకాలపు ప్యాకేజీ కొనడం మంచిది కాదు.

బుక్ చేసుకునేటప్పుడు ఒక విషయాన్ని విడమరచి అడగాలి. అక్కడ "ఫిషింగ్ ట్రిప్" అంటే చాలాచోట్ల సాయంత్రం పూట పడవలో పర్యాటకులను తీసుకువెళ్లి, చేతి దారంతో గాలం వేయించే కార్యక్రమమే. మీకు కావలసింది ఇసుక మేటలపై నడుస్తూ చేసే ఫ్లై ఫిషింగ్ అని, గైడుకు ఆ విద్య తెలిసి ఉండాలని, రాడ్లు అద్దెకు దొరుకుతాయో లేదో చెప్పాలని ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రిసార్టుల చుట్టూ ఉండే పగడపు దిబ్బల దగ్గర సాధారణంగా చేపలు పట్టనివ్వరు కాబట్టి, గైడు తీసుకువెళ్లే చోటుకు అనుమతి ఉందో లేదో కూడా అడగాలి.

తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం తీయండి. అమావాస్య, పౌర్ణమి రోజులలోనూ, ఆ తరువాత ఒకటి రెండు రోజులలోనూ ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. పోటు వచ్చేటప్పుడు బోన్‌ఫిష్‌లు లోతైన కాలువల నుంచి మేటల మీదికి ఎక్కి పీతలను, రొయ్యలను, పురుగులను వెతుక్కుంటాయి. ఆటు మొదలయ్యాక అదే దారిన దిగిపోతాయి. నీరు కదలకుండా నిలిచి ఉన్న వేళ మేతకు వచ్చే చేపలు తక్కువ. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి, మొదటి రోజు ఉదయం తొమ్మిదికి మొదలైన పోటు నాలుగో రోజున పదకొండున్నరకు మొదలవుతుంది. ఎండ నెత్తిమీద ఉండే వేళకూ పోటు వేళకూ పొత్తు కుదిరే వారాన్ని ఎంచుకోగలిగితే సగం పని అయినట్టే.

సామగ్రి విషయంలో ఎక్కువ ఆలోచన అవసరం లేదు. బోన్‌ఫిష్‌కు తొమ్మిది అడుగుల 8వ నంబరు రాడ్ సరిపోతుంది (ఆ రాడ్ విసరగల లైను బరువును బట్టి ఈ నంబరు ఇస్తారు). విమానంలో తీసుకువెళ్లడానికి నాలుగు ముక్కలుగా విడిపోయేదాన్ని కొనాలి. రీలుకు ఉప్పునీరు లోపలికి చేరని మూసిన డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు బ్రేకులా పనిచేసే భాగం, ఉండాలి. అసలు లైను వెనుక 30 పౌండ్ల లాగుడుకు ఓర్చే బ్యాకింగ్ దారం 200 గజాలైనా చుట్టాలి. లైను మాత్రం ఉష్ణమండలం కోసమే తయారైనది కావాలి. చలిదేశపు నదుల కోసం చేసిన లైను వేడికి మెత్తబడి రింగులకు అంటుకుంటుంది. మే నెలలో తిరుపతి ఎండలో ఒక పూట విసిరితే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. లైను చివర తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల లీడరు, అంటే లైనునూ ఎరనూ కలిపే సన్నని దారం, దాని కొసన 12 నుంచి 16 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం కట్టాలి. ఎరలలో 1977లో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో పుట్టిన క్రేజీ చార్లీ నాలుగైదు, బరువైన కళ్లు గల క్లౌజర్ మిన్నో నాలుగైదు, పీత నమూనాలు కొన్ని ఉంటే చాలు. ఈ ఎరల కళ్ల బరువు వల్ల కొక్కెం తలకిందులై, మొన పైకి ఉండేలా నడుస్తుంది, అందువల్ల ఇసుకలోనూ గడ్డిలోనూ తగులుకోవడం తక్కువ. ఇవన్నీ మన దగ్గరి దుకాణాలలో వెతకడం వృథా; ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు. డబ్బు మిగిలితే మాత్రం దాన్ని పోలరైజ్డ్ కళ్లద్దాలపై పెట్టండి. రాగిరంగు లేదా తేనెరంగు అద్దాలు ఇసుక మేటలకు బాగా నప్పుతాయి.

ఇక సాధన. స్వర్ణముఖి ఎండిన ఇసుక అందరికీ ముందుగా తోచే చోటే గానీ, ఇసుకరేణువులు లైను పైపొరను గీరిపారేస్తాయి, కాబట్టి గడ్డి ఉన్న కాలేజీ మైదానమే మేలు. కొక్కెం తీసేసి, లీడరు చివర ఎర్రని ఊలు ముక్క కట్టండి. పొద్దున్నే నడకకు వచ్చినవారు ఆగి "ఈడ చేపలేడుంటాయి సార్?" అని అడగడం ఖాయం, వారికి జవాబు చెబుతూ కూడా గాలిలో లైను తిరిగే వంపు, అంటే లూపు, చెడకుండా విసరగలిగిన రోజున సగం నేర్చినట్టు.

మొదటి రెండు వారాలు దూరం గురించి పట్టించుకోకండి. ముప్పై అడుగుల లైనును వెనక్కి విసిరి, అది పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరడం మాత్రమే చేయండి. కొత్తవారు చేసే తప్పులలో చాలావరకు ఈ ఆగకపోవడంలోనే ఉన్నాయి. తరువాత ఎడమచేత్తో లైనును సరైన క్షణంలో కిందికి లాగి వదిలే డబుల్ హాల్ నేర్చుకోవాలి, ఎందుకంటే సముద్రగాలికి ఎదురుగా విసరడానికి వేగం అక్కడినుంచే వస్తుంది. ఎనభై అడుగులు విసరగలగడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, మేటల మీద నిజంగా పనికివచ్చేది గాలిలో నలభై, యాభై అడుగుల దూరాన పళ్లెమంత చోటులో ఎరను దింపగలగడం. కాబట్టి మైదానంలో నాలుగు పళ్లాలను వేర్వేరు దూరాలలో, వేర్వేరు దిక్కులలో పెట్టి, తోడు వచ్చినవారిని గడియారపు అంకెలో దిక్కునూ, అడుగులలో దూరాన్నీ అరవమనండి. పడవ ముక్కు పన్నెండు, మీ కుడిచేయి మూడు, ఎడమచేయి తొమ్మిది. ఊలు ముక్కను చేతిలో పట్టుకుని, రాడ్ కొస దాటి పది అడుగుల లైను బయట ఉంచి, మిగిలినది కాళ్ల దగ్గర చుట్టలుగా వేసుకుని నిలబడాలి. అరుపు విన్నాక రెండుకు మించి వెనకాముందులు ఊపకుండా మూడోసారికి ఎర నేలను తాకాలి.

గాలి కుడి భుజం వైపు నుంచి వస్తే ఎర మీ చెవికే తగులుకునే ప్రమాదం ఉంది. అప్పుడు వీపును లక్ష్యం వైపు తిప్పి, వెనక్కి విసిరే ఊపుతోనే ఎరను దింపాలి. దీన్ని సాధన చేయడానికి నిజమైన సముద్రగాలి కావాలంటే, 2022 నుంచి తిరుపతి జిల్లాకూ తీరం ఉంది. ఒక మధ్యాహ్నం వాకాడు మండలంలోని తూపిలిపాళెం బీచికి వెళ్లి, ఒడ్డున తడి ఇసుక మీద నిలబడి విసిరి చూడండి. దగ్గరే ఉందని పులికాట్ సరస్సుకు మాత్రం వెళ్లకండి. అది పక్షుల అభయారణ్యం, పైగా అక్కడి జాలరుల జీవనాధారం.

ఇంటి దగ్గర చేయవలసిన మరొక సాధన చేపను గుచ్చే పద్ధతి. చెరువు గాలంలో చేప కొరికిందని తెలియగానే కర్రను పైకి లాగుతాము. మేటల మీద ఆ పని చేస్తే ఎర చేప నోటి ముందు నుంచి ఎగిరిపోతుంది. చేపకు మళ్లీ అవకాశం ఉండదు. రాడ్ కొసను నీటివైపే చూపిస్తూ, ఎడమచేత్తో లైనును ఒక్కసారి పొడవుగా, గట్టిగా లాగాలి. లీటరు నీళ్ల సీసాను నలభై అడుగుల దూరంలో పెట్టి, దాని మెడకు లీడరు కట్టి, లైనును చిన్నచిన్న లాగులతో దగ్గరికి తెచ్చుకుంటూ, బరువు తగలగానే రాడ్ లేపకుండా చేత్తోనే లాగండి. రాడ్ లేపినప్పుడల్లా పక్కనున్నవారిని ఒక మొట్టికాయ వేయమనడం కొంచెం మోటు పద్ధతే గానీ, బాగా పనిచేస్తుంది.

మేట మీదికి వెళ్లాక మొదట చేయవలసిన పని చూడడం. నీటి పైభాగాన్ని కాకుండా, నీటిలోంచి అడుగు ఇసుకను చూడాలి. బోన్‌ఫిష్ పొలుసులు అద్దాల వంటివి కావడం వల్ల చేప పక్కల్లో ఇసుక రంగే ప్రతిఫలిస్తుంది. చేప కనిపించదు గానీ, ఇసుక మీద కదిలే దాని నీడ కనిపిస్తుంది. కదలనిది రాయి, గడ్డి పక్కకు ఊగుతుంది, ఒకే దిక్కుకు సాగిపోయేది చేప. సూర్యుడు వెనుక ఉండేలా నడవాలి. పోటు ఇంకా తక్కువగా ఉన్నప్పుడు తల ఇసుకలోకి దించి మేసే చేపల తోకలు నీటి పైకి వచ్చి తళుక్కుమంటాయి. వాటికి ఎర చాలా మెత్తగా పడాలి.

ఎరను చేప తల మీద కాక, అది వెళ్లే దారిలో నాలుగైదు అడుగుల ముందు వేయాలి. లోతు ఎక్కువైతే ఇంకా ముందు. ఎర అడుగుకు చేరేదాకా ఆగి, చేప దగ్గరికి రాగానే జానెడు చొప్పున రెండు మూడు సార్లు మెల్లగా లాగాలి. చేప వేగం పెంచి వెంటపడి, తల వంచి ఆగిందంటే ఎరను నోట పెట్టుకున్నట్టే. అప్పుడు పొడవైన లాగు. బరువు తగిలిన వెంటనే చేపను చూడకండి. కాళ్ల దగ్గరి లైనును చూడండి. బోన్‌ఫిష్ మొదటి పరుగులోనే వంద గజాల దాకా పోగలదు, ఆ సమయంలో లైను చుట్ట కాలికో, రీలు పిడికో, చొక్కా బొత్తానికో చుట్టుకుంటే దారం తెగుతుంది. ఎడమచేతి వేళ్లను రింగులా చేసి, లైనును అందులోంచి జారనిచ్చి, అది రీలుకు చేరాకే రాడ్ ఎత్తాలి.

జెయింట్ ట్రెవల్లీ వేట వేరే లోకం. దానికి 12వ నంబరు రాడ్, 100 పౌండ్ల పైబడిన లీడరు, పెద్ద కొక్కెంతో అరచేయంత ఎర కావాలి. లాగడం ఎంత వేగంగా ఉంటే అంత మంచిది. మొదటి యాత్రలో దాన్ని గైడు రాడ్‌తో ఒకటి రెండు సార్లు ప్రయత్నించడం తప్ప, దాని కోసమే ఖర్చు పెట్టవద్దని నా సలహా.

నడిచేటప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా, పాదాలను ఇసుకలో ఈడుస్తూ వెళ్లాలి. ఇసుకలో దాగిన టేకు చేపలు ఆ అలికిడికి పక్కకు తప్పుకుంటాయి. స్టోన్‌ఫిష్ మాత్రం కదలదు, కాబట్టి గట్టి అడుగు గల బూట్లు తప్పనిసరి. వీటి ముల్లు గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలకు మించకుండా, ఆ భాగాన్ని ఉంచుతూ వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పొడుగు చేతుల చొక్కా, మెడనూ ముఖాన్నీ కప్పే గుడ్డ, తాగునీరు గురించి మన ఎండలు ఎరిగినవారికి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. నీటి మీది నుంచి ఎండ కింది వైపు నుంచి కూడా తగులుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

పట్టిన బోన్‌ఫిష్‌ను వదిలిపెట్టడమే ఈ ఆటలోని పద్ధతి. వదిలేస్తున్నాము కాబట్టి చేపకు బాధ లేదని నేను వాదించను. ఆ బాధను తగ్గించడం మాత్రం మన చేతిలో ఉంది. కొక్కెం మొన వెనుకనుండే ముల్లును ముందే పట్టకారుతో అణచివేయండి. చేతులు తడిపి, చేపను నీటిలోనే ఉంచి కొక్కెం తీయండి; ఫోటో కోసం పైకి ఎత్తితే రెండు మూడు సెకన్లకే మళ్లీ నీటిలోకి దించండి. దగ్గరలో సొరచేపలు తిరుగుతుంటే ఫోటో మానుకుని, చేప తేరుకునేదాకా పట్టుకుని వదలండి.

ప్రయాణానికి చెన్నై గానీ బెంగళూరు గానీ చేరాలి. చిత్తూరు వారికి రెండూ దగ్గరే. కొక్కేలు, పట్టకారు, రీళ్లు చెక్-ఇన్ సామానులో పెట్టండి. భారతీయులకు మాలేలో దిగాక పర్యాటక అనుమతి ఇస్తారు. తిరుపతివారు ప్రత్యేకంగా గమనించవలసింది ఒకటుంది: పూజా విగ్రహాలను మాల్దీవులలోకి తీసుకురావడం అక్కడి కస్టమ్స్ నిబంధనల ప్రకారం నిషిద్ధం, కాబట్టి ఎప్పుడూ బ్యాగులో ఉండే చిన్న వెంకన్న విగ్రహాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్లండి. మద్యానికీ అదే నిబంధన. శాకాహారులు గెస్ట్‌హౌస్‌కు ముందే చెప్పాలి. అక్కడి మామూలు ఉదయపు ఫలహారమైన మాస్ హునిలో కొబ్బరితో పాటు ట్యూనా చేప ఉంటుంది.

ప్రతి సాయంత్రం రాడ్, రీలు, లైను, ఆ రోజు వాడిన ఎరలు అన్నింటినీ బకెట్ మంచినీటిలో కడగాలి. పైపు ధారను గట్టిగా కొడితే ఉప్పు రీలు లోపలికే పోతుంది, అందువల్ల మెల్లగా పోయండి. వాడిన ఎరను తడితో డబ్బాలో పెడితే పక్కనున్న కొత్త ఎరల కొక్కేలు కూడా తుప్పు పడతాయి. ఇంటికి వచ్చాక లైను మొత్తం విప్పి, గోరువెచ్చని సబ్బునీటిలో తుడిచి, నీడలో ఆరబెట్టి, రీలు డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి భద్రపరచండి.