సెల్ నెట్‌వర్క్ సొంతంగా నేర్చుకుందాం – 3వ పాఠం: టవర్ మనల్ని వెతకదు, ఫోనే చెప్పుకుంటది

మొదటి రెండు పాఠాల్లో టవర్ మీద మూడు దిక్కులకి యాంటెనాలు ఎందుకు బిగిస్తారో, 2జీలో టంగుటూరు దగ్గర వాడిన ఫ్రీక్వెన్సీనే మళ్లీ కావలిలో ఎట్టా వాడతారో చూశాం. అవి చదవకపోయినా పర్లేదు, ఇది విడిగా కూడా అర్థమవుద్ది. ఈసారి ప్రశ్న ఒక్కటే, మనం యాడున్నామో నెట్‌వర్క్‌కి ఎట్టా తెలుస్తది?

చానామంది ఏమనుకుంటారంటే టవర్లన్నీ మనల్ని కనిపెట్టుకుని కూర్చుంటాయని, పొలానికి పోయినా బజారుకి పోయినా వెంటబడి చూస్తా ఉంటాయని. అట్టా ఏం లేదు. జిల్లాలో లక్షల ఫోన్లుంటే ఒక్కోదాని వెంట పడటం ఏ టవర్ వల్లా కాదు, ఆ అవసరం కూడా లేదు. చెప్పుకునేది మొత్తం ఫోనే. అది ఎంత చెప్తే నెట్‌వర్క్‌కి అంతే తెలుసు. ఈ ముక్క బుర్రలో పెట్టుకుంటే సిగ్నల్ గొడవల్లో సగం ఎందుకొస్తాయో మీకే తెలిసిపోద్ది.

ఫోన్ ఆన్ చేశారనుకోండి. ముందు అది నోరు తెరవదు, వింటది. 850, 900, 1800, 2100, 2300 ఇట్టా ఒక్కో బ్యాండూ (ఫ్రీక్వెన్సీల గుంపు, ఈ అంకెలు మెగాహెర్ట్జ్‌ల్లో) తిప్పుకుంటా టవర్ గొంతు యాడ వినపడతదా అని చూస్తది. 4జీ టవరైతే ప్రతి 5 మిల్లీసెకన్లకీ ఒకసారి సింక్ సిగ్నల్ (ఫోన్ తన టైముని టవర్‌తో కలుపుకునే గుర్తు) వదులుతా ఉంటది, అది దొరికిందంటే దాని వెనకాలే టవర్ చెప్పే వివరాలు చదువుకుంటది, ఏ దేశం (మనకి 404 గానీ 405 గానీ), ఏ కంపెనీ, ఏ ట్రాకింగ్ ఏరియా (టవర్ల గుంపు, కింద చూద్దాం), ఈ సెల్ (టవర్ మీద ఒక్కో దిక్కు యాంటెనా చూసుకునే భాగం) నంబర్ ఎంత అని. మన సిమ్ కంపెనీనే అని తేలాక అప్పుడు పలకరిస్తది.

పలకరించగానే లోపలికి రానీరు. సిమ్‌లో ఐఎంఎస్‌ఐ అని 15 అంకెల నంబర్ ఉంటది, మనం డయల్ చేసే పదంకెల నంబర్ వేరు, ఇది వేరు. దాంతో పాటు 128 బిట్ల రహస్య కీ ఒకటి ఉంటది, అది సిమ్ దాటి బయటికి రాదు, దాని నకలు కంపెనీ దగ్గర భద్రంగా ఉంటది. నెట్‌వర్క్ ఒక నంబర్ విసురుద్ది, సిమ్ తన కీతో లెక్కగట్టి జవాబు పంపుద్ది, అవతల కూడా అదే లెక్క గడతారు, రెండూ కలిస్తే సరే, లేకపోతే గేటు బయటే. 2జీలో ఒక లోపం ఉంది, ఫోన్‌ని నెట్‌వర్క్ పరీక్షిస్తది గానీ ఆ నెట్‌వర్క్ అసలుదో కాదో ఫోన్ అడగదు, దొంగ టవర్ పెట్టేవాళ్లకి అదే సందు. 3జీ నుంచి రెండు వైపులా పరీక్ష పెట్టారు. మీ ఊళ్లో 4జీ బాగా వస్తా ఉండి, ఫోన్ సెట్టింగ్స్‌లో 2జీ ఆపే బటన్ ఉంటే ఆపేసుకోండి, నేనైతే అదే చెప్తా. సముద్రం మీదకి పోయేవాళ్లు మాత్రం ఆపొద్దు, ఎందుకో కింద వస్తది.

ఇప్పుడు అసలు సంగతి. లోపలికి వచ్చిన ఫోన్ గురించి నెట్‌వర్క్ ఏం రాసుకుంటది? హెచ్‌ఎస్‌ఎస్ అనే పెద్ద రిజిస్టర్‌లో (2జీ రోజుల్లో దీన్నే హెచ్‌ఎల్‌ఆర్ అనేవాళ్లు) ఈ సిమ్ ఫలానా ఎంఎంఈ కింద ఉంది అని రాస్తారు, ఎంఎంఈ అంటే ఎవరు యాడున్నారో చూసుకునే కంప్యూటర్. ఆ ఎంఎంఈ దగ్గర ఈ ఫోన్ ఫలానా ట్రాకింగ్ ఏరియాలో ఉంది అని ఉంటది. అంతే. ఫోన్ ఊరికే ఉన్నప్పుడు ఇప్పుడు ఏ టవర్ కింద ఉందో దానికి కచ్చితంగా తెలియదు. ట్రాకింగ్ ఏరియా అంటే చానా టవర్లని కలిపి కట్టిన గుంపు. మీరు ఒంగోలు కర్నూలు రోడ్డు నుంచి మంగమూరు రోడ్డుకి జేబులో ఫోన్ వేసుకుని బండి మీద పోయారనుకోండి, దారిలో నాలుగైదు సెల్స్ మారి ఉంటాయి, అయినా ట్రాకింగ్ ఏరియా అదే అయితే ఫోన్ ఒక్క ముక్క కూడా చెప్పదు. ఏరియా మారితేనే చెప్తది. మారకపోయినా బతికే ఉన్నా అని అప్పుడప్పుడూ హాజరు వేస్తది, 4జీలో ఈ గడువు మామూలుగా 54 నిమిషాలు, కంపెనీ కావాలంటే మార్చుకుంటది.

అట్టాంటప్పుడు మనకి కాల్ వస్తే? ఒంగోలు బస్టాండ్ మైకులో పేరు పెట్టి పిలిచినట్టు, ఆ ఏరియాలో ఉన్న సెల్స్‌లో మన తాత్కాలిక నంబర్‌తో (లోపలికి వచ్చినప్పుడు నెట్‌వర్క్ ఇచ్చేది) ఒక పిలుపు వెళ్తది, దీన్నే పేజింగ్ అంటారు. మన ఫోన్ అప్పటిదాకా నిద్రలో ఉంటది, బ్యాటరీ మిగలాలి కదా, 1.28 సెకన్లకో 2.56 సెకన్లకో ఒకసారి కన్ను తెరిచి నా పేరేమన్నా ఉందా అని చూసి మళ్లీ పడుకుంటది. పేరు కనపడగానే ఉన్నా ఉన్నా అని పలుకుద్ది, నెట్‌వర్క్‌కి మనం ఏ టవర్ కింద ఉన్నామో తెలిసేది అప్పుడు. అవతలివాళ్లకి రింగ్ వినపడేముందు వచ్చే ఆ కాసేపు మౌనంలో ఈ వెతుకులాట కూడా ఒక భాగమే.

స్విచ్ ఆఫ్ అని ఒకసారి, కవరేజ్ ఏరియాలో లేరు అని ఒకసారి చెప్తారే, చానా వరకు తేడా ఇక్కడే ఉంది. బటన్ నొక్కి పద్ధతిగా ఆపితే ఫోన్ పోతా పోతా నేను పోతున్నా అని చెప్పిపోద్ది, రిజిస్టర్‌లో కొట్టేస్తారు, ఆ తర్వాత కాల్ చేసినోళ్లకి వెంటనే స్విచ్ ఆఫ్ అని వస్తది. బ్యాటరీ పీకేసినా, కొండ చాటుకి పోయినా చెప్పే అవకాశం లేదు, నెట్‌వర్క్ పాపం ఇంకా ఉన్నాడనుకుని పిలుస్తది, జవాబు రాదు, అప్పుడు కవరేజ్ మాట. ఉదయగిరి వైపు కొండ మలుపుల్లో మా మామ ఫోన్ ఎప్పుడూ ఈ రెండోదే చెప్తది, అత్తకేమో ఈయన కావాలనే ఆపుకున్నాడని అనుమానం, ఈ పాఠం ఆమెకి కూడా పంపిస్తా.

ఇంకో తేడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఫోన్ ఊరికే ఉన్నప్పుడు ఏ సెల్ మీద ఉండాలో ఫోనే తేల్చుకుంటది, టవర్ ముందే చెప్పిన రూల్స్ ప్రకారం. మాట్లాడేటప్పుడు మాత్రం నిర్ణయం నెట్‌వర్క్‌ది. కానీ ఆ నిర్ణయం దేన్ని చూసి తీసుకుంటది? మళ్లీ ఫోన్ చెప్పిందాన్ని చూసే.

పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒంగోల్లో కదిలింది, మీరు మాట్లాడతా కూర్చున్నారు, టంగుటూరు దాటింది, సింగరాయకొండ వస్తా ఉంది. బండి గంటకి 110 కిలోమీటర్ల మీద ఉంటే సెకనుకి 30 మీటర్లు. టవర్లు మూడు కిలోమీటర్లకొకటి ఉన్నాయనుకుంటే ఒక్కో టవర్‌కి మీరు దొరికేది వంద సెకన్లే. ఆ వంద సెకన్లూ ఫోన్ మాట మోస్తానే పక్క టవర్ల బలం కొలుస్తా ఉంటది. 2జీలో అయితే 480 మిల్లీసెకన్లకొకసారి రిపోర్ట్ పంపుద్ది, బీఎస్‌సీ అని టవర్ల మీద పెద్దరికం చేసేది ఒకటి ఉండి అది చూసి తేలుస్తది. 4జీలో ఆ పెద్దరికం తీసేశారు, టవరే నిర్ణయం తీసుకుని పక్క టవర్‌తో నేరుగా మాట్లాడుకుని మనల్ని అప్పగిస్తది. ఇదే హ్యాండోవర్.

పక్క టవర్ కాస్త బలంగా కనపడగానే మార్చేస్తారా అంటే మార్చరు. ఉదాహరణకి 3 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) ఎక్కువుండాలి, అదీ ఓ మూడొందల మిల్లీసెకన్లన్నా అట్టానే నిలవాలి అని షరతు పెడతారు, లేకపోతే రెండు టవర్ల మధ్య పొలంలో నిలబడ్డోడి కాల్ అటూ ఇటూ ఎగురుతానే ఉంటది. మరీ ఎక్కువ ఆగితే రైలు దాటిపోద్ది, పాత టవర్ గొంతు పీలగా అయిపోద్ది, పక్కది బాగుంది నన్ను మార్చండి అని ఫోన్ పంపే రిపోర్టే టవర్‌కి చేరదు. కాల్ కట్ అయ్యేది అప్పుడు. పక్క టవర్ లేక కాదు, ఆ సంగతి చెప్పుకునే దారి తెగిపోయి. నెట్‌వర్క్ ఇంజినీర్ల పనిలో సగం ఈ 3 డీబీని రెండు చేయాలా నాలుగు చేయాలా అన్న తకరారే అని నా ఉద్దేశం.

సముద్రం మీద ఇది ఇంకా బాగా తెలుస్తది. కొత్తపట్నంలో బోటు మీద పోయే ఒకాయన అడిగాడు, ‘ఏంది అబ్బాయా, గీతలు రెండు కనపడతానే ఉండాయి, కాల్ మాత్రం పోదు’ అని. ఆ గీతలు చెప్పేది టవర్ మాట ఫోన్‌కి ఎంత వినపడతా ఉందో, అంతే. ఫోన్ మాట టవర్‌కి వినపడతా ఉందా లేదా అన్నది గీతల్లో ఉండదు. టవర్ 20, 40 వాట్లతో అరుస్తది, 4జీ ఫోన్ మహా అయితే 0.2 వాట్లు. టవర్ యాంటెనా పెద్దది కాబట్టి కొంత సర్దుకుంటది గానీ దూరం పెరిగే కొద్దీ ముందు తెగేది మన వైపు నుంచే. 900 బ్యాండ్‌లో 2జీ ఫోన్ 2 వాట్ల దాకా పోద్ది, అందుకే ఒడ్డు దూరమైనప్పుడు పాత బటన్ ఫోనే ఒక్కోసారి పలుకుద్ది.

బలం ఉన్నా ఇంకో హద్దు ఉంది, టైము. 2జీలో ఒక ఫ్రీక్వెన్సీని ఎనిమిది మంది వంతులేసుకుని వాడతారు, దూరంగా ఉన్నోడి మాట ఆలస్యంగా చేరి పక్కోడి వంతులో పడకుండా టవర్ వాడిని కాస్త ముందే మొదలుపెట్టమంటది. ఆ ముందుని 0 నుంచి 63 దాకా మెట్లుగా చెప్తారు, ఒక్కో మెట్టు 550 మీటర్లు, గుణించుకోండి, 35 కిలోమీటర్లకి దగ్గరగా వస్తది. అది దాటితే మామూలు 2జీ సెల్ పనిచేయదు, సిగ్నల్ ఎంత ఉన్నా సరే. 4జీలో టవర్‌ని పెట్టిన పద్ధతిని బట్టి ఈ హద్దు 14 కిలోమీటర్ల నుంచి 100 దాకా ఉంటది. పైగా భూమి గుండ్రం కాబట్టి 40 మీటర్ల టవర్‌కి నీళ్ల మీద ఫోన్ ఎదురుపడేది సుమారు 30 కిలోమీటర్ల లోపే. ఆయనకి నేను చెప్పింది ఒకటే, ఫోన్ చేతిలో పెట్టుకుని కింద కూర్చోకుండా బోటు మీద ఎత్తైన చోట నిలబడి చేయమని.

దీనికి పూర్తిగా ఉల్టా నెల్లూరు రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు దగ్గర టవర్ కళ్ల ముందే ఉంటది, గీతలు ఫుల్లు, కాల్ మాత్రం పోదు. ఇక్కడ ఫోన్ మాట వినపడక కాదు, అందరూ ఒకేసారి మాట్లాడటం వల్ల. 2జీ లెక్క వేద్దాం, ఒక సెక్టార్‌కి (టవర్ మీద ఒక దిక్కుకి) నాలుగు ఫ్రీక్వెన్సీలు ఉంటే 32 వంతులు, కంట్రోల్‌కి రెండు పోతే ఒకేసారి మాట్లాడగలిగేది 30 మంది, ఒక్కో మాటని సగం జాగాలోకి కుదించి కుక్కినా 60. 4జీలో వంతులు ఎక్కువే గానీ ముందు తలుపు తట్టాలి కదా, ఆ తట్టడానికి సెల్‌కి 64 గుర్తులే ఉంటాయి, ఇద్దరు ఒకే క్షణంలో ఒకే గుర్తుతో తడితే గుద్దుకుని మళ్లీ మొదటికి. ఇట్టాంటి జాతరలకి కంపెనీలు బండి మీద టవర్ తెచ్చి పెట్టేది అందుకే. అట్టాంటి చోట కాల్ పోలేదని పదిసార్లు రీడయల్ కొట్టడం, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయడం చేయొద్దు, ప్రతిసారీ లైన్లో చివరికి పోయి మళ్లీ తలుపు తట్టినట్టే. మెసేజ్ పెట్టి ఊరుకోండి, సందు దొరికినప్పుడు పోద్ది.

ఇక ఇంటి పని. ఆండ్రాయిడ్ ఫోన్‌లో *#*#4636#*#* కొట్టండి, చానా ఫోన్లలో తెరుచుకుంటది, ఐఫోన్‌లో *3001#12345#*. అది రాకపోతే అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ చూడండి, లేదా ప్లేస్టోర్‌లో సెల్ ఇన్ఫో చూపించే ఫ్రీ యాప్ ఏదైనా వేసుకోండి. ముందు ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ ఫోన్‌కి ఎంత బలంగా అందుతా ఉందో చెప్పే అంకె) చూడాలి, మైనస్‌లో ఉంటది, మైనస్ 80 అంటే బాగుంది, మైనస్ 110 అంటే నీరసం, మైనస్ 120 అంటే దాదాపు పోయినట్టే. 80కీ 110కీ మధ్య 30 డీబీ తేడా, ప్రతి 10 డీబీకి పదింతలు కాబట్టి బలం వెయ్యో వంతుకి పడిపోయింది అని అర్థం, గీతల్లో చూస్తే మాత్రం రెండో మూడో తగ్గినట్టు ఉంటది, అందుకే నాకు ఆ గీతల మీద నమ్మకం లేదు.

తర్వాత 4జీ సెల్ ఐడీ చూడండి, పెద్ద నంబర్ ఉంటది. దాన్ని 256తో భాగించండి, వచ్చిన పూర్ణాంకం టవర్‌ది, మిగిలిన శేషం ఆ టవర్ మీద ఏ సెల్లో చెప్తది. 51234818 అని ఉందనుకోండి, భాగిస్తే 200136 వస్తది, శేషం 2. ఇంటి చుట్టూ నడిచి చూడండి, శేషం ఒక్కటే మారి మొదటి నంబర్ అట్టానే ఉంటే మీరు అదే టవర్‌కి ఇంకో పక్కకి వచ్చారు. మొదటిది కూడా మారితే టవరే మారింది. ట్రాకింగ్ ఏరియాని టీఏసీ అని చూపిస్తది, సెల్ ఐడీ ఎన్నిసార్లు మారితే అది ఒకసారి మారుతుందో గమనించండి.

ఒంగోలు నుంచి నెల్లూరు వైపు రైల్లో పోయే పని ఎవరికన్నా ఉంటే కిటికీ పక్కన కూర్చుని ఉలవపాడు, తెట్టు, కావలి, బిట్రగుంట ఒక్కో స్టేషన్ దగ్గరా ఈ మూడు నంబర్లూ రాసుకోండి, ఒకసారి ఫోన్ ఊరికే ఉంచి, తిరుగు ప్రయాణంలో కాల్‌లో ఉండి. మద్రాసు దాకా పోయేవాళ్లు తడ దాటి ఆరంబాక్కం వచ్చేటప్పుడు 404 గానీ 405 గానీ పక్కన ఉండే కంపెనీ కోడ్ మీద కూడా ఒక కన్నేయండి. అక్కడ సర్కిల్ (కంపెనీలకి లైసెన్స్ ఇచ్చే ప్రాంతం) మారుద్ది, మన రిజిస్టర్ మాత్రం ఆంధ్రాలోనే ఉంటది, ఆ రోమింగ్ కథ నాలుగో పాఠంలో, మీరు రాసుకొచ్చిన నంబర్లు పక్కన పెట్టుకునే చెప్పుకుందాం.