చేయగలనన్న ధీమాను కొలవడం – మూడవ పాఠం: అడిగే తీరు, అంకెను చదివే తీరు

వ్యాయామ చికిత్సకు వచ్చిన పెద్దవారిలో ‘ఇది నేను చేయగలను’ అన్న ధీమా ఎంత ఉందో తెలుసుకోవడం ఎందుకు అవసరమో మొదటి పాఠంలో చూశాం. ఆ ధీమా ఎక్కడి నుంచి వస్తుందో రెండవ పాఠంలో చెప్పుకున్నాం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య సిద్ధాంతం ప్రకారం దానికి నాలుగు ఆధారాలున్నాయి: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనవంటి మరొకరు చేస్తుండగా చూడటం, నమ్మదగినవారు చెప్పిన ధైర్యం, ఆ సమయానికి తన ఒంటి, మనసు స్థితి. ఈ పాఠంలో కొలతలోకి దిగుదాం.

ఒక తేడాను ముందే గట్టిగా పట్టుకోవాలి. ‘ఈ వ్యాయామాలు చేస్తే మీ మోకాలికి మేలు జరుగుతుందా?’ అని అడిగితే వచ్చే జవాబు చికిత్స ఫలితం మీద ఉన్న నమ్మకాన్ని చెబుతుంది. ‘రేపటి నుంచి చేస్తారా?’ అన్నదానికి వచ్చే జవాబు ఉద్దేశాన్ని చెబుతుంది. మనం కొలవదలచినది ఈ రెండూ కాదు. చికిత్స మంచిదని మనసారా నమ్మి, చేయాలని నిశ్చయించుకుని కూడా, ‘నా వల్ల కాదు’ అని మధ్యలో మానేసేవారు ఉంటారు. వారిని ముందుగా గుర్తించాలంటే ప్రశ్న ‘చేయగలరా’ అన్నచోటే నిలవాలి. అదీ ఎప్పుడో కాదు, ఈ రోజు తమకు ఎలా అనిపిస్తోందో అడగాలి.

ఇప్పటికే వాడుకలో ఉన్న కొలమానాలు కొన్ని ఉన్నాయి. టినెట్టి, ఆమె సహచరులు 1990లో ప్రచురించిన కొలమానం స్నానం చేయడం, కుర్చీలోంచి లేవడం వంటి పది రోజువారీ పనులను పడిపోకుండా చేయగలమన్న నమ్మకాన్ని అడుగుతుంది. అందులో అంకె పెరిగితే ధీమా తగ్గినట్టు లెక్క. ఇది గమనించకుండా వేరే కొలమానం పక్కన పెట్టి చూస్తే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. పావెల్, మయర్స్ 1995లో ఇచ్చినది పదహారు పనుల్లో తూలిపోకుండా నిలదొక్కుకోగలమన్న నమ్మకాన్ని 0 నుంచి 100 శాతం వరకు కొలుస్తుంది. అక్కడ పెద్ద అంకె పెద్ద ధీమాకు గుర్తు. ఈ రెండూ విలువైనవే కాని, చికిత్సలో పాల్గొనడం గురించి నేరుగా అడగవు. మన అవసరానికి దగ్గరగా ఉన్నది రెస్నిక్, జెంకిన్స్ 2000లో వెలువరించిన తొమ్మిది ప్రశ్నల కొలమానం. నొప్పి ఉన్నా, అలసిపోయినా, విసుగనిపించినా, ఒంటరిగా చేయాల్సి వచ్చినా, వారానికి మూడుసార్లు ఇరవై నిమిషాల చొప్పున వ్యాయామం చేయగలనన్న నమ్మకం ఎంత ఉందో 0 నుంచి 10 వరకు చెప్పమంటుంది.

దీని బలమంతా ‘ఉన్నా’ అన్న షరతులోనే ఉంది. ఏ అడ్డంకీ లేనప్పుడు చేయగలరా అని అడిగితే దాదాపు అందరూ పెద్ద అంకే చెబుతారు, అటువంటి ప్రశ్న ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు. అందుచేత మీ చికిత్సాలయానికి సొంత ప్రశ్నలు రాసుకునేటప్పుడు, అక్కడికి వచ్చేవారు నిజంగా దేని దగ్గర ఆగిపోతున్నారో ముందు వారినే అడిగి తెలుసుకుని, ఆ అడ్డంకులను తేలికైనవాటి నుంచి కఠినమైనవాటి వరకు పేర్చండి. ‘నొప్పి కొద్దిగా ఉన్నా’, ‘నిన్నటి వ్యాయామం వల్ల ఒళ్లు సలుపుతున్నా’, ‘పక్కన ఎవరూ లేకపోయినా’, ‘రెండు వారాలైనా మెరుగుదల కనిపించకపోయినా’ అన్నవి అటువంటి మెట్లు. ఒక ప్రశ్నలో ఒక్క అడ్డంకే ఉండాలి. ‘నొప్పి, నీరసం ఉన్నా’ అని రాస్తే, వచ్చిన 4 దేని గురించో మీకు తెలియదు.

ప్రశ్నావళి ఎంత చక్కగా రాసినా, అడిగే తీరు దాన్ని చెడగొట్టగలదు. చికిత్స చేస్తున్న వ్యక్తే ఎదురుగా కూర్చుని అడిగితే, ఆయన మనసు నొప్పించకూడదన్న మర్యాద కొద్దీ పెద్దవారు అంకెను పెంచి చెప్పే అవకాశం ఉంది. వీలైతే మరొకరు అడగడం మంచిది. వెంట వచ్చిన కుటుంబ సభ్యులు ‘అమ్మ చేయగలదులెండి’ అని తామే జవాబిస్తే అది వారి ధీమా అవుతుంది తప్ప ఆమెది కాదు. చూపు, వినికిడి తగ్గినవారికి పెద్ద అక్షరాల కాగితం ఇచ్చి, నెమ్మదిగా చదివి వినిపించాలి. అంకెలతో నమ్మకాన్ని చెప్పడం చాలామందికి కొత్త, కాబట్టి అసలు ప్రశ్నలకు ముందు సాధన కోసం ఒకటి అడగండి: చిన్న బరువు ఎత్తగలనన్న నమ్మకం ఎంత, దాని కంటే పెద్ద బరువైతే ఎంత, ఇంకా పెద్దదైతే ఎంత. బరువు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంటే, కొలమానం అర్థమైందని తెలుస్తుంది. అప్పుడే అసలు ప్రశ్నలకు వెళ్లాలి.

జవాబులు చేతికి వచ్చాక చాలామంది మొత్తం కూడి, సగటు తీసి, కాగితాన్ని ఫైలులో పెట్టేస్తారు. ఈ అలవాటు వల్లే కొలత నిరుపయోగమవుతోందని నా దృఢమైన అభిప్రాయం. ఆరు ప్రశ్నలకు ఒకరు వరుసగా 6, 6, 6, 6, 6, 6 అన్నారనుకోండి. మరొకరు 9, 9, 8, 8, 1, 1 అన్నారు. ఇద్దరి మొత్తమూ 36, సగటు 6. మొదటివారికి అన్నిచోట్లా కొంత ఊతం కావాలి. రెండవవారికి నాలుగు అడ్డంకులు లెక్కే కాదు, చివరి రెండు మాత్రం గోడల్లా నిలిచాయి. ఆ రెండూ నొప్పి, ఒంటరితనం అయితే, ఏ నొప్పి సహజమో ఏది ప్రమాద సూచనో విడమరచి చెప్పి, ఇంటి దగ్గర చేయాల్సిన వ్యాయామాన్ని మీ ఎదుటే సాయం లేకుండా ఒకసారి పూర్తి చేయించండి. నాలుగు ఆధారాల్లో స్వయంగా నెగ్గిన అనుభవమే బలమైనదని బండూరా చెప్పినది ఇక్కడ అక్కరకొస్తుంది. సగటు చూసినవారికి ఈ దారి కనిపించదు.

మాటలో చెప్పిన ధీమాను చేతలతో పోల్చి చూడటం కూడా అవసరం. 2004లో వెలువడిన పిట్స్‌బర్గ్ పునరావాస భాగస్వామ్య కొలమానంలో, రోగి ప్రతి విడతలో ఎంతవరకు పాల్గొన్నారో చికిత్సకులు 1 నుంచి 6 వరకు అంకె వేస్తారు. ధీమా తక్కువ చెప్పినా బాగా పాల్గొంటున్నవారికి, వారు సాధించినదాన్ని వారికే చూపించాలి. ధీమా 10 అని చెప్పి పాల్గొనడంలో వెనకబడినవారి విషయంలో తొందరపడి తప్పుపట్టకండి: ప్రశ్న అర్థం కాకపోవచ్చు, దిగులు బాధిస్తుండవచ్చు, రావడానికి తోడు లేకపోవచ్చు. శరీర స్థితికి మించిన ధీమా పడిపోయే ప్రమాదాన్ని పెంచగలదు కనుక, నిలకడ, నడక పరీక్షల ఫలితాలను కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

వచ్చే పాఠంలో ఇదే కొలతను మళ్లీ ఎప్పుడు తీసుకోవాలో, మార్పును ఎలా చదవాలో చూద్దాం. అందాకా మీకు అభ్యాసం: పైన చెప్పినట్టు ఆరు ప్రశ్నలు రాసి, మీకు తెలిసిన ఇద్దరు పెద్దవారిని వారి అనుమతితో విడివిడిగా అడగండి, ప్రతి జవాబు తరువాత ‘ఈ అంకె ఎందుకు చెప్పారు?’ అని అడిగి, వారి మాటలను ఉన్నవి ఉన్నట్టు అంకె పక్కన రాసుకోండి. ఎవరైనా మీరు ఊహించని అర్థంలో జవాబిస్తే, ఆ ప్రశ్నను తిరగరాసి ఉంచుకోండి. వచ్చే పాఠాన్ని ఆ కాగితాలతోనే మొదలుపెడతాం.