కరెంటు పోయినా షాపు ఆగకూడదంటే: అదనపు లోడు, జనరేటర్ అనుమతి, ఫిర్యాదుల దరఖాస్తు విధానం

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం మా అన్నయ్య మెడికల్ షాపులో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాను, బిల్లింగ్ కంప్యూటర్ నడుస్తున్నాయి. ఫ్రిజ్ మాత్రం దానికి కలపలేదు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ తలుపు మీదున్న చిన్న థర్మామీటర్‌లో అంకె 6, 7 అని ఎక్కుతుంటే ఇద్దరం కళ్లప్పగించి చూస్తూ నిలబడ్డాం. 8 దగ్గర పడగానే ఐస్ డబ్బా తెచ్చి, మందులకు ఐస్ తగలకుండా మధ్యలో అట్టముక్కలు పెట్టి సర్దాం. ఇన్సులిన్ గడ్డకట్టినా పనికిరాదు కదా.

ఆ సాయంత్రం కూర్చుని ఒక తెల్లకాగితం మీద షాపులో ఉన్న పరికరాలన్నీ రాశాం. ఆ తర్వాత పెట్టుకున్న ప్రతి దరఖాస్తుకూ ఆ కాగితమే ఆధారమైంది. అందుకే మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు లోడు లెక్క

ప్రతి పరికరం వెనక అతికించిన రేకు మీద వాట్లు రాసి ఉంటాయి. మోటారైతే హార్స్ పవర్‌లో ఉంటుంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. మా లెక్క ఇలా తేలింది: ఒకటిన్నర టన్ను ఏసీ 1,700, రెండు ఫ్రిజ్‌లు 400, కంప్యూటర్, ప్రింటర్ కలిపి 250, లైట్లు, ఫ్యాన్లు 300, బయటి బోర్డు 150. మొత్తం 2,800 వాట్లు, అంటే 2.8 కిలోవాట్లు. కరెంటు బిల్లు చూస్తే కాంట్రాక్టు లోడు, అంటే వాడుకుంటామని ముందే రాయించుకున్న పరిమితి, 1 కిలోవాట్ అని ఉంది. షాపు తెరిచినప్పుడు రాయించిన అంకె అది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

లోడు తక్కువ చూపిస్తే డబ్బు మిగులుతుందని చాలామంది అనుకుంటారు. కానీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారం పడుతోందో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లెక్క కట్టేటప్పుడు రిజిస్టర్ అయిన లోడును కూడా చూస్తుంది. ఇరవై షాపులు ఒక్కో కిలోవాట్ రాయించుకుని మూడేసి వాడుకుంటే, ఎండాకాలంలో ఫ్యూజు ఎగిరిపోవడం ఖాయం. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. పైగా తనిఖీలో అదనపు లోడు బయటపడితే నోటీసు వస్తుంది.

అదే కాగితం మీద, కరెంటు పోయినా ఆగకూడనివాటికి గీత గీయండి. మాకు ఒక ఫ్రిజ్, కంప్యూటర్, రెండు లైట్లు కలిపి దాదాపు 400 వాట్లు వచ్చింది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకు 1,800 వాట్‌అవర్లు ఉన్నా, నష్టాలు పోను 1,300 దాకా దక్కుతాయి. అంటే మూడు గంటల పైచిలుకు. ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే చాలా రెట్లు లాగుతుంది కాబట్టి ఇన్వర్టర్‌ను సరిగ్గా 400 వాట్లకే కొనకండి.

అదనపు లోడు దరఖాస్తు

మన డిస్కంలు ఇవి: తెలంగాణలో టీజీఎస్‌పీడీసీఎల్, టీజీఎన్‌పీడీసీఎల్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఈపీడీసీఎల్, ఏపీసీపీడీసీఎల్, ఏపీఎస్‌పీడీసీఎల్. మీ బిల్లు మీద ఏది ఉంటే దాని వెబ్‌సైట్‌లో గానీ, ఊళ్లోని కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్వీస్ నంబరు, గుర్తింపు కార్డు, లైసెన్సున్న వైరింగ్ కాంట్రాక్టర్ ఇచ్చే టెస్ట్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. అద్దె షాపైతే యజమాని సమ్మతి పత్రం ముందే తీసుకోండి, ఎక్కువ ఆలస్యం దాని దగ్గరే జరుగుతుంది. సర్వీసు ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పు చేయించుకోవడం మేలు.

పెంచిన ప్రతి కిలోవాట్‌కూ డెవలప్‌మెంట్ ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. డబ్బు ఆన్‌లైన్‌లోనో కౌంటర్‌లోనో కట్టి రసీదు తీసుకోండి, ఎవరి చేతికీ నగదు ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ నంబరు రాగానే కాగితం మీద రాసుకోండి. అన్ని పత్రాలతో దరఖాస్తు అందిన నాటి నుంచి మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 రోజుల్లో పని పూర్తి కావాలని 2024లో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. కొత్త లైను వేయాల్సి వస్తే ఈ గడువు వర్తించదు. గడువు దాటితే సెక్షన్ ఏఈని (మీ ప్రాంతపు అసిస్టెంట్ ఇంజినీరును) కలిసి రిజిస్ట్రేషన్ నంబరు చూపించి అడగండి.

జనరేటర్ పెట్టుకుంటే

హోటల్, కోల్డ్ స్టోరేజీ, ఐస్ ఫ్యాక్టరీ లాంటివాటికి బ్యాటరీలు చాలవు. ప్రభుత్వ నోటిఫికేషన్‌లో చెప్పిన సామర్థ్యం దాటిన జనరేటర్‌ను నడపడానికి ముందు రాష్ట్ర విద్యుత్ తనిఖీ శాఖ అనుమతి తప్పనిసరి. కాబట్టి కొనడానికి ముందే జిల్లా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్లి, మీరు కొనబోయే జనరేటర్ సామర్థ్యం ఎన్ని కేవీఏలో చెప్పి అడగండి. దరఖాస్తుతో పాటు వైరింగ్ డ్రాయింగు, ఫీజు చలానా, కంపెనీ టెస్ట్ సర్టిఫికెట్లు, కాంట్రాక్టర్ కంప్లీషన్ రిపోర్టు, ఎర్తింగ్ రెసిస్టెన్స్ రీడింగులు ఇవ్వాలి. న్యూట్రల్‌కు రెండు, బాడీకి రెండు ఎర్తింగ్‌లు విడివిడిగా తీయించండి. కొత్త సెట్ అయితే సీపీసీబీ 4 ప్లస్ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన పొగ ప్రమాణం) ఉన్నది అడగండి. శబ్దం మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు.

డీజిల్ మొత్తం 2,500 లీటర్ల లోపు ఉండి, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకపోతే పెట్రోలియం చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. కొంత నిల్వ పెట్టుకోవడం మంచిదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు.

ఒక్క విషయం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటర్ రెండిట్లో ఒక్కటే కలిసేలా చేసేది) లేకుండా జనరేటర్ వైరును ప్లగ్గులో గుచ్చి నడిపేవాళ్లను చూశాను. ఆ కరెంటు వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్ దాటి లైన్లోకి ఎక్కుతుంది. లైన్‌క్లియర్ తీసుకుని, అంటే లైన్లో కరెంటు ఆపించుకుని, స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. త్రీఫేజ్ సర్వీసుకైతే న్యూట్రల్‌ను కూడా విడదీసే నాలుగు పోల్స్ చేంజోవర్ పెట్టించండి.

సోలార్ గురించి కూడా ఓ మాట. నెట్ మీటరింగ్‌తో (మిగిలిన కరెంటును లైన్లోకి పంపే పద్ధతిలో) పెట్టే మామూలు సోలార్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. ఆగకూడదంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే వస్తుంది, షాపులకు రాదు.

కాగితం వెనక వైపు: ఫిర్యాదుల పట్టిక

కరెంటు పోయిన ప్రతిసారీ 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేదీ, పోయిన సమయం, వచ్చిన సమయం, నంబరు నాలుగూ కాగితం వెనక రాయండి. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుంది నిజమే, కానీ దానికి రికార్డు ఉండదు. రెండూ చేయండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి ఉన్న సేవా ప్రమాణాల ప్రకారం ఫ్యూజు పోతే పట్టణంలో 4 పనిగంటల్లో, పల్లెలో 12 పనిగంటల్లో సరిచేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణంలో 24 గంటలు, పల్లెలో 48 గంటలు గడువు. మరమ్మతుల కోసం ముందస్తుగా కరెంటు ఆపేటట్టయితే కనీసం 24 గంటల ముందు చెప్పాలి. తెలంగాణ విద్యుత్ నియంత్రణ కమిషన్ కూడా ఇలాంటి ప్రమాణాలే పెట్టింది.

ఈ గడువులు పదేపదే దాటితే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అందరూ సీజీఆర్‌ఎఫ్ అని పిలిచేదానికి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రతి డిస్కంకూ ఈ వేదిక ఉంటుంది, చిరునామా వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. "కరెంటు తరచూ పోతోంది" అని రాస్తే బలం ఉండదు. "మే నెలలో 11 సార్లు, మొత్తం 26 గంటలు, ఫిర్యాదు నంబర్లు ఇవి" అని రాస్తే అధికారులు దానికి జవాబు చెప్పాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న షాపులవాళ్లంతా తమ సర్వీస్ నంబర్లతో సంతకాలు చేస్తే మరీ మంచిది. వేదిక 45 రోజుల్లోపు తేల్చాలి. ఆ నిర్ణయం మీకు న్యాయంగా అనిపించకపోతే, ఆర్డరు అందిన నాటి నుంచి 30 రోజుల్లో విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు (వేదిక నిర్ణయాల మీద అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు వేదిక ఇచ్చిన ఆర్డరుతో పాటు, రెండు వైపులా నిండిన ఆ కాగితం జిరాక్స్ కూడా జత చేయండి. అసలు కాగితం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.