అర్ధరాత్రి ఏడుపు తగ్గిందిలా (నా అనుభవం)

బెంగళూరు మారతహళ్లిలో మాది రెండు గదుల ఇల్లు. పుట్టిన పదో రోజు నుంచి పాప రాత్రి పన్నెండు దాటితే చాలు, ఒకటే ఏడుపు. పగలేమో హాయిగా నిద్ర. పాలు చాలడం లేదేమోనని నా భార్యకు టెన్షన్. "కాస్త డబ్బా పాలు పట్టి చూడండి బాబూ" అన్నారు అత్తయ్య.

పిల్లల డాక్టరుగారు ముందు అడిగింది ఒక్కటే: రోజుకు ఎన్నిసార్లు పాస్ పోస్తోంది? ఇంటికొచ్చి లెక్కపెట్టాను. 8 సార్లు. 6 సార్లు దాటితే పాలు సరిపోతున్నట్టేనన్నారు. బరువు కూడా పుట్టినప్పటి కంటే పెరిగింది. డబ్బా అవసరం రాలేదు. ఆరు నెలల దాకా మంచినీళ్లు, ఏడాది నిండేదాకా తేనె కూడా వద్దన్నారు. అత్తయ్యకు నెమ్మదిగా చెప్తే అర్థం చేసుకున్నారు.

ఈ వయసు పిల్లలకు రాత్రీ పగలూ తేడా తెలియదట. అందుకే పగలు కర్టెన్లు తీసేశాం, కుక్కర్ విజిల్‌కి భయపడటం మానేశాం. రాత్రి సన్నటి బల్బు ఒక్కటే, మాటలు లేవు.

తేన్పు తెప్పించే పని నాది. పాలు తాగగానే భుజాన వేసుకుని, తలా మెడా ఒక అరచేత్తో పట్టుకుని, రెండో చేత్తో వీపు నిమురుతాను. ఒక్కోసారి పావుగంట పడుతుంది. చెవి పక్కన చిన్న తేన్పు వినిపిస్తుంది. బిగుసుకున్న పిడికిళ్లు విచ్చుకుంటాయి, పాప బరువంతా నా మీద వాలుతుంది. అప్పుడు వెల్లకిలా పడుకోబెడతాను.

ఐదో వారానికి రాత్రి ఏకబిగిన మూడు గంటలు నిద్రపోతోంది. ఆ మూడు గంటలూ వాళ్లమ్మ కూడా పడుకుంటోంది.