రెఫరల్ గ్రూపులో చేరే ముందు

కొత్త ఆర్థిక సంవత్సరం వస్తోందంటే చాలామంది చిన్న వ్యాపారులు బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) లాంటి, సభ్యులు ఒకరికొకరు కస్టమర్లను పంపుకునే రెఫరల్ గ్రూపుల వైపు చూస్తారు. డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఏడాది ఫీజు తొందరపడి కట్టకండి, కట్టాక వెనక్కి రాదు. ముందు విజిటర్‌గా వెళ్లి, అక్కడివాళ్ల కస్టమర్లు మీకూ పనికొస్తారా గమనించండి. మీరు మాడ్యులర్ కిచెన్లు చేస్తుంటే బిల్డరు, ఆర్కిటెక్టు, టైల్స్ షాపాయన ఉండాలి. అందరూ ఇన్సూరెన్స్, లోన్ల వాళ్లే అయితే చివరికి మీరే వాళ్లకు కస్టమర్ అవుతారు.

• కేటగిరీ ఏమని రాస్తున్నారో చదవండి. బీఎన్ఐలో చాప్టర్‌కు, అంటే ఒక్కో స్థానిక గ్రూపుకు, ఒక్కో వృత్తి నుంచి ఒక్కరే. ‘ఇంటీరియర్స్’ సీటు అప్పటికే నిండితే, వార్డ్‌రోబ్ పనులు మీరు చెప్పుకోవచ్చో లేదో ముందే తేల్చుకోండి.

• మీటింగ్ వారం వారం, చాలాచోట్ల తెల్లవారే. ఆబ్సెంట్లు ఎక్కువైతే సీటు పోతుంది. మీ బదులు వెళ్లే మనిషిని ఇప్పుడే చూసుకోండి.

• జీఎస్టీ, హాలు, టిఫిను ఖర్చులు విడిగా ఉంటాయేమో అడగండి.

• పనితనం తెలియకుండా మొహమాటానికి ఎవరికీ రెఫరల్ ఇవ్వకండి. పని చెడితే మీ పాత కస్టమర్ మిమ్మల్నే నిలదీస్తాడు.